ఏడు పక్షాలు, ఆరుగురు నాయకులు: దండు లెక్కలూ తెరవెనక చీటీలూ

ఇది మ్యాపూ పాచికలతో, ఒక్కొక్కరూ ఒక్కో నాయకుడి పాత్రలో ఆడే యుద్ధతంత్రపు ఆట. ఇప్పుడు ఏడో పక్షానికి వచ్చింది. ఒక జీఎమ్ (గేమ్ మాస్టర్, ఆట నడిపేవాడు), ఆరుగురు ఆటగాళ్ళు. ఒక్కో టర్ను ఒక పక్షం, అంటే పదిహేను రోజులు. మ్యాపులో ఒక్కో గడి 8 కిలోమీటర్లు. లోకం ఊహదే అయినా చట్రం మాత్రం విజయనగరానిది. రాజు (జీఎమ్ చేతిలో ఉంటాడు) నాయకుడికి అమరంగా, అంటే సైన్యాన్ని పోషించే షరతు మీద, భూమి ఇస్తాడు. నాయకుడు రాబడిలో వాటా కట్టి, మిగిలినదాంతో చెప్పినన్ని బంట్లనూ గుర్రాలనూ పోషించాలి. కుట్రలకి ఇంతకంటే అనువైన ఏర్పాటు వెతికినా దొరకదు.

ప్రస్తుతం ఆట లెక్కల షీటులో ఉన్నది ఇది. నాయకుడి రాబడి ఏడాదికి 12,000 వరహాలు, అందులో సగం ఖజానాకి. మిగిలిన 6,000లో 500 మంది బంట్లకి తలా 6 చొప్పున 3,000, ఎనభై గుర్రాలకి 25 చొప్పున 2,000 పోతాయి. చేతిలో మిగిలేది వెయ్యి. లంచాలు, వేగులు, కోట మరమ్మతు అన్నీ ఆ వెయ్యిలోనే. మొదట మిగులు మూడు వేలుండేది. అప్పుడు ఎవరికీ ఎవరితోనూ పని పడలేదు, రెండు పక్షాలు చప్పగా నడిచాయి. మిగులు తగ్గించిన పక్షంలోనే మొదటి రహస్య ఒప్పందం పుట్టింది.

ఇక దండు కదలిక. ఆరుగురి బలమూ కలిపి 3,000 కాల్బలం, 480 గుర్రాలు. ఖజానా గుర్రాలు మరో 20 చేర్చి 500 అనుకుందాం. మనిషికి రోజుకి కిలో గింజలు, గుర్రానికి 4 కిలోల ఉలవలు, గుర్రానికొక సాహిణి (దాన్ని చూసుకునేవాడు), వాడికీ కిలో. మొత్తం రోజుకి 5,500 కిలోలు. పెరిక ఎద్దు, అంటే వీపు మీద సరుకు మోసే ఎద్దు, 100 కిలోలు మోస్తుంది కాబట్టి ఇరవై రోజుల దండయాత్రకి 1,100 ఎడ్లు. అయిదు ఎడ్లకొక తోలేవాడు, వాళ్ళ తిండికి ఇంకొన్ని ఎడ్లు. 1,150 దగ్గర ఆగుతుంది. ఇదంతా దారిలో గడ్డి దొరికితేనే.

నాలుగో పక్షంలో దండు కూలబడింది ఇక్కడే. వైశాఖంలో బయల్దేరారు. మేత లేని గడుల్లో ఎద్దుకి రోజుకి 5 కిలోల ఎండుగడ్డి మోసుకుపోవాలి. 1,150 ఎడ్లకి 5,750 కిలోలు, అంటే సైన్యం తినేదానికంటే ఎడ్లు తినేదే ఎక్కువ. ఇంకోలా చూస్తే ఇరవయ్యో రోజుకి ఎద్దు తన వీపు మీది బరువంతా తనే తినేస్తుంది. ఎన్ని ఎడ్లు పెంచినా ఈ లెక్క తెగదు. వానలు వెనకబట్టాక, దసరా తర్వాత దండెత్తడం అప్పట్లో ఆనవాయితీ కావడానికి కారణం షీటులోనే కనపడుతుంది. ఎడ్లబిడారు రోజుకి రెండు గడులు దాటదు. రౌతులు నాలుగు గడులు పోగలరు కానీ ముందుకి పోతే దాణా వెనకపడిపోతుంది. ధాన్యం బిడారులు నడిపే లంబాడీలని జీఎమ్ ఎవరి వైపూ చేర్చలేదు. ఎవరు ముందు సొమ్మిస్తే వాళ్ళకే ధాన్యం. ఒక నాయకుడు యుద్ధం చేయకుండానే 400 వరహాలతో బిడారుని పక్కకి తిప్పి పక్కవాడి దండుని నిలబెట్టేశాడు.

ఆటలో మాయజంతువులూ ఉన్నాయి. గుడి స్తంభాల మీద కనిపించే సింహంలాంటి యాళులకీ, రెండు తలల పక్షి గండభేరుండానికీ ఇదే చట్టం. యాళికి ఏనుగు లెక్కే, రోజుకి 150 కిలోల పచ్చిమేత. గండభేరుండానికి రెండు గొర్రెలు, తలకొకటి. మాయజంతువులకి తిండి లెక్క రాయకపోతే మూడో పక్షానికల్లా అందరి దగ్గరా అవే ఉంటాయి.

గుర్రాలు ఓడరేవు నుంచే వస్తాయి. దూరదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులని దగ్గర చేసుకుని, ఆ సరుకు శత్రువుకి చేరకుండా చూడమని ఆముక్తమాల్యద రాజనీతి పద్యాల్లోనే ఉంది. ఆటలో దాన్ని వేలం చేశారు. పక్షానికొక ఓడ, అరవై గుర్రాలు, మూసిన చీటీలో పాట. మొదట్లో పాటలో ఓడినవాడి సొమ్మంతా వెనక్కి ఇవ్వడమే పొరపాటు. ఇప్పుడు పదోవంతు పోతుంది, అందుకని ఉత్తుత్తి పాటలు తగ్గాయి.

అన్నిటికంటే రుచిగా నడిచింది కవాతు. మహానవమి అయ్యాక రాజు సైన్యాన్ని చూసుకోవడం పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిన సంగతే. ఆటలో ఇద్దరు నాయకులు ఎనభైకి బదులు తలా యాభై గుర్రాలే ఉంచుకున్నారు. ఇద్దరి కవాతులకీ మధ్య రెండు రోజుల ఎడం, ఊళ్ళ మధ్య దూరం మూడు గడులు. ఒకడివి ముప్ఫై గుర్రాలు రెండోవాడి దగ్గరికి, వాడివి ముప్ఫై వీడి దగ్గరికి. ఇద్దరూ ఎనభై చూపించారు, తలా 750 వరహాలు మిగుల్చుకున్నారు. అలాఉద్దీన్ ఖిల్జీ గుర్రాలకి వాతముద్ర వేయించింది ఇలాంటి మోసానికే. ఆటలో ముద్రకి గుర్రానికొక వరహా, ఖర్చు ఖజానాది, ముద్ర లేని గుర్రం లెక్కలోకి రాదు. ముద్ర వేసేవాడిని కొనాలంటే రెండు పాచికల మీద 10 గానీ ఆ పైన గానీ పడాలి. ఈ కంత మూయలేదు, మూయకూడదు కూడా.

ఉత్తరాల సంగతి. ఆటగాళ్ళు వాట్సాప్‌లో పది నిమిషాల్లో తేల్చేసుకుంటే నాలుగు రోజుల ప్రయాణానికి విలువుండదు. అందుకే చీటీ అందని ఆజ్ఞ చెల్లదు. చీటీలో ఉండేవి ఇవే: ఎవరికి, ఎవరి ముద్రతో, ఏ దారిన, పాతిక మాటలకి మించని విషయం. వార్తాహరుడు రోజుకి అయిదు గడులు పోతాడు. పరాయి నాయకుడి సీమ దాటిన ప్రతిసారీ రెండు పాచికలు, 10 గానీ ఆ పైన గానీ పడితే చీటీ ఆ నాయకుడి చేతిలో పడినట్టే. ఒక సీమకి ఆరింట ఒకటి, రెండు సీమలకి 36లో 11. చుట్టుదారి సంగతి జనం అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టారు. దొంగముద్ర వేయొచ్చు, కానీ అసలు ముద్రున్న పాత చీటీ ఒకటి ముందు చేజిక్కించుకోవాలి.

పోరుకి చెప్పేది తక్కువ. 250 బంట్ల గుంపుకి బలం 2, వంద గుర్రాలకి 5, యాళికి 8, ఆకలిగా ఉన్న గుంపుకి సగం. ఇరుపక్షాలూ రెండేసి పాచికలు కలుపుకుంటాయి. మొదట్లో వాడిన ఇరవై ముఖాల పాచిక తీసేశారు, దాని ఒక్క విసురుకే నెల రోజుల ఏర్పాటు తుడిచిపెట్టుకుపోయేది. రెండేసి పాచికలైతే రెండు మొత్తాల తేడా మూడింట రెండొంతులకి పైగా సార్లు 3కి మించదు.

ద్రోహానికి ముందే కట్టిన కట్టు ఒకటుంది: దెబ్బ తిన్నవాడి పాత్ర చావదు, చేసినవాడు ఒక ఆనవాలైనా వదలాలి. అది లేనప్పుడు కోపం బల్ల దాటి మనుషుల మీదికి పోతోంది.

ఎనిమిదో పక్షానికి మిగిలినవి రెండు. నది పొంగినప్పుడు పుట్టిలో ఎన్ని గుర్రాలు దాటతాయో షీటులో ఇంకా ఎక్కలేదు. తూర్పు నాయకుడి పేర వచ్చిన చీటీ మీది ముద్ర అతనిది కాదని జీఎమ్‌కి తెలుసు. అందుకున్నవాడు దండుని అప్పుడే కదిలించాడు.