ఇంజక్షన్ పడిన రోజు

పొద్దున ఆరింటికి పాలప్యాకెట్ల కోసం గేటు దాకా వెళ్తూ మేకు తొక్కాను. పక్కింటివాళ్లు మొన్న పాత తలుపులు ఊడదీయించారు, ఆ చెక్కల్లోంచి రాలినట్టుంది. తుప్పు పట్టిన మేకు, హవాయి చెప్పును చీల్చుకుని మడమలో దిగింది. గాయానికి పసుపు అద్దుతూనే అమ్మ తీర్పు చెప్పేసింది: "టీటీ ఇంజక్షన్ వేయించుకోవలసిందే." నాకు నలభై రెండేళ్లు. ఇంజక్షన్ అంటే ఇప్పటికీ అరచేతులకు చెమటలు పడతాయి. ఈ సంగతి డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

క్లినిక్‌లో డాక్టరు తొమ్మిదింటికి వస్తారని బోర్డు ఉంది. వచ్చింది పదిన్నరకు. ఆ గంటన్నర గడవడానికి ఫోనులో ఒక పాట వెతికి పెట్టుకున్నాను. పాట పేరు ‘ఇంజెసావ్’. పోర్చుగీసులో ఇంజక్షన్ అనే అర్థం. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా.

ఈ పాట నా దగ్గరికి దొడ్డిదారిన వచ్చింది. 2005లో హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి ఎం.ఐ.ఎ. ఆల్బమ్ తెచ్చింది. లండన్‌లో పుట్టిన శ్రీలంక తమిళ అమ్మాయి పాడిందని మాకదో గొప్ప. అందులో ‘బకీ డన్ గన్’ అనే పాటలో బాకాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి, వాటి కింద డప్పు దరువులా ఏదో గట్టిగా మోగుతుంది. అదంతా ఆమె సొంత సృష్టే అనుకుని ఏళ్ల తరబడి విన్నాను. ఆ పాట నిలబడింది బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఇళ్లలో పాచిపని చేసుకున్న ఒక అమ్మాయి పాట మీద అని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పాటే ఈ ‘ఇంజెసావ్’. పాడినావిడ దెయిజి తిగ్రోనా. తిగ్రోనా అంటే పెద్ద ఆడపులి. మొదట్లో ‘ఇంజక్షన్ దెయిజి’ అనేవారట. మనకు ఊరి పేరు ఇంటిపేరైనట్టు, ఆమెకు పాటే ఇంటిపేరైంది.

నిజం చెప్పాలంటే ఆ బాకాలు దెయిజివి కూడా కావు. 1976లో వచ్చిన ‘రాకీ’ అనే బాక్సింగ్ సినిమా సంగీతంలోవి. ఫిలడెల్ఫియా బాక్సర్ బాకాలు రియోలో ఆసుపత్రి పాటకు చేరి, అక్కడి నుంచి లండన్ తమిళ అమ్మాయి పాటలోకి వెళ్లాయి. రియో పేదల బస్తీల్లో పుట్టిన ఈ డాన్సు సంగీతాన్ని బ్రెజిల్ ఫంక్ అంటారు, దాని పద్ధతే అది. (వాళ్లు ‘ఫంకి’ అని పలుకుతారు.) 1980లలో అమెరికాలోని మయామీ నుంచి వచ్చిన రికార్డుల దరువును పట్టుకుని, ఫవేలాలనే ఆ బస్తీల్లోని కుర్రవాళ్లు తమ మాటలు కట్టుకున్నారు. తర్వాత ఆ దరువును కూడా మార్చుకుని, సొంత డోలు మోతలు కలిపి, ‘తంబొర్జావ్’ అని పేరు పెట్టుకున్నారు. దొరికిన సామానుతో ఇల్లు కట్టుకునే చోట పాట కూడా అలాగే కట్టుకుంటారు కాబోలు.

దెయిజి ఊరు సిదాద్ జి దేవుస్, అంటే దేవుని నగరం. రియోకు పడమటి వైపున ఉంది. నగరంలోని ఫవేలాలను ఖాళీ చేయించి, ఆ జనాన్ని తెచ్చి పెట్టడానికి 1960లలో ప్రభుత్వం కట్టిన కాలనీ. ఎక్కడి పేదలను ఎక్కడికి పంపినా ఆ చోటుకు దేవుడి పేరు పెట్టడం మటుకు మరవరు. 2002లో అదే పేరుతో సినిమా వచ్చాక ఆ ఊరంటే తుపాకులే గుర్తొచ్చేలా అయింది. ఫంక్ పాడే ఆడవాళ్లు కూడా ఆ వీధుల్లోంచే వచ్చారు. దెయిజి ఒకరు. అదే ఊళ్లో శిశు సంరక్షణ కేంద్రంలో వంట చేసిన తాతి కెబ్రా బహాకు ఇంకొకరు.

"ఏమిటి వింటున్నావు?" అని అమ్మ అడిగింది.

"బ్రెజిల్ పాట. డాక్టరు ఇంజక్షన్ వేస్తుంటే ఒకావిడ నొప్పి అంటోంది."

"పాపం" అంది అమ్మ.

ఆ పాటలో ఇంజక్షన్ ఇంజక్షన్ కాదని, డాక్టరు డాక్టరు కాదని అమ్మకు చెప్పలేదు. నలుగురు పేషెంట్ల మధ్య చెప్పే విషయమూ కాదు. మగవాళ్లు ఇలాంటి ద్వంద్వార్థాలు వేదికెక్కి పాడితే నవ్వుకున్న జనమే, ఆడవాళ్లు పాడేసరికి సిగ్గులేదన్నారు. నాకు మటుకు ఆ గొంతులోని పెంకితనమే నచ్చుతుంది. తీయటి గొంతు కాదు. సందు చివర నిలబడి ఎవరినో కేకేస్తున్నట్టు ఉంటుంది.

నర్సు ఒక్క క్షణంలో సూది గుచ్చి తీసేసింది. "అయిపోయిందా?" అని రెండుసార్లు అడిగాను.

ఇంటికొచ్చేసరికి మా వీధి ఊడ్చే ఆవిడ చెక్కలన్నీ ఒక వారకు చేర్చింది. కాగితం పొట్లం నా చేతిలో పెట్టి, "ఇంకో మూడు మేకులు దొరికాయమ్మా, మళ్లీ ఎవరికో గుచ్చుకుంటాయని ఏరాను" అంది. నేను కుంటుతూ వెళ్లడం చూసిందట.

మధ్యాహ్నమంతా చెయ్యి బరువెక్కి పడుకునే ఉన్నాను, మనసులో దెయిజి కథే నడిచింది. తన పాట ముక్క ప్రపంచమంతా మోగింది, 2008లో పోర్చుగల్ బృందం బురాకా సోమ్ సిస్తెమాతో కలిసి పాడింది, ఐరోపాలోనూ పేరొచ్చింది. ఆ తర్వాత మానసిక కుంగుబాటు. పాట ఆగిపోయింది. ఇల్లు గడవడానికి రియో వీధులు ఊడ్చే ఉద్యోగంలో చేరింది, నారింజ రంగు యూనిఫాం వేసుకుని.

రియోలో వీధులు ఊడ్చేవాళ్లను ‘గరి’ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ నగరాన్ని శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకున్న అలైషు గరి పేరే ఆ పనివాళ్లందరికీ నిలిచిపోయింది. మొదటిసారి విన్నప్పుడు నాకు ‘గారి’ అని వినబడింది. ఫలానా గారి అబ్బాయి, ఫలానా గారి ఇల్లు అంటామే, అలా. ఆ గరిలు 2014లో సరిగ్గా కార్నివాల్ రోజుల్లో సమ్మె చేశారు. పండగ చెత్త వీధుల్లో గుట్టలు పడింది. చివరకు 37 శాతం జీతం పెంచుకుని గానీ చీపుర్లు పట్టలేదు. ఈ ముక్క తలచుకున్నప్పుడల్లా హుషారు వస్తుంది.

దెయిజి కూడా ఊరుకోలేదు. 2022లో కొత్త ఆల్బమ్ తెచ్చింది, పేరు ‘ఫోయ్ ఎవు కి ఫిజ్’. ‘చేసింది నేనే’ అని. నేరం ఒప్పుకున్నట్టూ ఉంది, హక్కు అడిగినట్టూ ఉంది. ఇంతకంటే మంచి పేరు ఆమెకు తగలదు.

మా వీధి ఆవిడ పేరు నాకు తెలియదు. నాలుగేళ్లుగా చూస్తున్నాను. రేపు పొద్దున అడగాలి.

రాత్రి పదయింది. ఎడమ వైపు తిరిగి పడుకోవడానికి లేదు, ముట్టుకుంటే చెయ్యి సలుపుతోంది. ఆ ఆల్బమ్ తక్కువ శబ్దంతో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అయినా పక్క గదిలోకి వినబడినట్టుంది.

"పొద్దుటి డాక్టరు పాటేనా?" అంది అమ్మ.

"కాదమ్మా, ఇది వేరే. పాడింది ఆవిడే."

"ఆవిడకు తగ్గిందా మరి?"

కాసేపు ఏమనాలో తోచలేదు. "తగ్గిందమ్మా, మళ్లీ పాడుతోంది" అన్నాను.