రెండు వేళ్ల క్రీము

కడియపులంకలో మా నర్సరీ. 22 ఏళ్లుగా పొద్దున ఏడింటికి మొక్కల్లో దిగితే మళ్లీ భోజనానికే ఇంట్లోకి వచ్చేదాన్ని. 48 ఏళ్లు నిండేసరికి రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు పడ్డాయి. కణత దగ్గర శనగగింజంత నల్లమచ్చ ఒకటి.

"మంగు పట్టిందే నీకు, మంగుశని" అంది పక్కింటి పిన్ని. మచ్చ కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గించేశాను. జాజికాయ సానరాయి మీద పాలతో అరగదీసి పూస్తే మంట పుట్టి, మచ్చ ఇంకా నల్లబడింది.

తర్వాత మందుల షాపులో చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తేటబడింది. ఎంత సంతోషించానో! ఆర్నెల్లు వదల్లేదు. ఒక్కరోజు రాయకపోతే చెంపలు కందిపోయి, పొయ్యి దగ్గర నిలబడితే మిరపకాయ రాసినట్టు మండేవి. గడ్డం మీద నూగు వచ్చింది. అద్దం దగ్గరగా పెట్టుకుని చూస్తే చర్మం కింద ఎర్రటి సన్నని నరాలు, జామాకు ఈనెల్లా.

రాజమండ్రిలో చర్మం డాక్టరు గారు ట్యూబు చూడగానే, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. ముందు ఇది చేసిన చెరుపు తగ్గించాలి, మచ్చల సంగతి తర్వాత" అన్నారు. కణత మీది మచ్చను లైటున్న భూతద్దంతో చాలాసేపు చూశారు. క్యాన్సరేమోనని నాకు లోపల ఒకటే టెన్షన్. ఎండకూ వయసుకూ వచ్చిన మచ్చేనట. అది పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా మాత్రం వెంటనే రమ్మన్నారు. లేజర్ అడిగితే, మన రంగు చర్మానికి అది ఒక్కోసారి ఇంకా నల్లటి మచ్చ మిగులుస్తుందని వద్దన్నారు.

ట్యూబు మాన్పించిన మొదటి నెల నరకమే. ముఖం వాచి, దిండు తగిలినా ఓర్చుకోలేకపోయాను. అది సర్దుకున్నాకే రాత్రిపూట రాయడానికి మచ్చలు తగ్గించే అజెలాయిక్ యాసిడ్ క్రీము ఇచ్చారు. పగలు సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. లేతరంగు కలిసినదే రాయమన్నారు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుందట.

"మొక్కల మీద కట్టిన షేడ్‌నెట్ కిందే కదండీ ఉంటాను" అన్నాను. "మీ నెట్ ఎంత శాతం?" అని అడిగారు. యాభై. సగం వెలుతురు లోపలికి వస్తున్నట్టే కదా! లేత మొక్కలకు ఎండ ఎంత పడాలో లెక్క చూసుకునేదాన్ని, నా ముఖానికి చూసుకోలేదు.

నాలుగు నెలలకు చెంపల మీది మచ్చలు లేతబడ్డాయి. కిందటి ఎండాకాలం పని ఒత్తిడిలో సన్‌స్క్రీన్ మానేస్తే కొంచెం తిరగబెట్టాయి, మళ్లీ మొదలుపెట్టాను. కణత మీది మచ్చ అలాగే ఉంది, ఉండనిచ్చాను.

మొన్న పిన్ని కూతురి చేతిలో అలాంటి ట్యూబే చూశాను. మర్నాడే రాజమండ్రి బస్సు ఎక్కించి, తోడు వెళ్లాను.