బొంతకు అంచు పట్టీ: మూల దగ్గరే అసలు పని

60 × 90 అంగుళాల బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకూ అతుకులకూ కలిపి పట్టీ 312 ఉండాలి. 44 అంగుళాల పన్నా గుడ్డలో రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు ఎనిమిది చాలు. కొత్త నూలుగుడ్డయితే ముందే తడిపి ఆరేయండి. లేదంటే మొదటి ఉతుకుకే అంచు కుచ్చులు పడుతుంది.

పట్టీలను ఐమూలగా అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయాలి. దాన్ని బొంత ముందువైపు అంచుకు పెట్టి కుడుతూ, మూలకు పావు అంగుళం ముందే కుట్టు ఆపండి. పట్టీని నిటారుగా పైకి మడిచి, మళ్లీ కిందికి దించితే లోపల చిన్న ముక్కోణం మడత నిలుస్తుంది. ఆ పావు దాటి కుట్టారా, మూల ఎంత సర్దినా మొద్దుగానే ఉంటుంది. పట్టీని వెనక్కి తిప్పి కుట్టేటప్పుడు చేతికుట్టే అందం, ఓపిక ఉంటే మిషన్ జోలికి పోకండి.

మన విశాఖ ఉప్పుగాలికి గుండుసూదులు తొందరగా తుప్పుపడతాయి. రాత్రంతా గుడ్డలో వదిలేయొద్దు, ఆ మరక ఓ పట్టాన పోదు.