కోటగుళ్ల దగ్గర ఒక మధ్యాహ్నం

రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన ఐదు నెలలకు, 2021 డిసెంబరులో, నేనూ మా చెల్లెలూ హనుమకొండలో ఏటూరునాగారం బస్సెక్కి జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర దిగాము. అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకూ, ఆపైన కాకతీయుల కాలపు గుళ్ల సముదాయమైన గణపురం కోటగుళ్లకూ తిప్పి తీసుకురావడానికి ఆటో అబ్బాయి పన్నెండు వందలు అడిగి, చివరకు వెయ్యికి ఒప్పుకొన్నాడు. దేశమంతా చెప్పుకుంటున్న గుడికి నేరుగా వెళ్లే బస్సు మాకు దొరకకపోవడం చాలాసేపు మనసును నొప్పించింది.

కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గురించి చాలామంది రాశారు కనుక నేను విస్తరించను. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన మండపంలో నేల అలల్లాగా ఎగుడుదిగుడుగా ఉన్నా, పైనున్న నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల స్త్రీ శిల్పాలు, చెక్కుచెదరకుండా నిలబడి ఉండటం చూసి చేతులు జోడించాను. అయితే నా కాళ్లను ఆపింది ఆ గుడి కాదు. పునర్నిర్మాణం కోసం ఎన్నో ఏళ్ల క్రితం విప్పిన పక్కనున్న కామేశ్వరాలయం రాళ్లు గడ్డిలో వరుసగా పడి ఉన్నాయి. గుడిని కాపాడటానికే విప్పి, మళ్లీ నిలబెట్టడానికి ఇంతకాలం పట్టడం నాకు మింగుడుపడలేదు.

గణపురంలో ఆ బాధ ఇంకా పెరిగింది. రాతి ప్రాకారం లోపల ఇరవై రెండు గుళ్లు. కొన్నింటికి పైకప్పు లేదు, కొన్ని స్తంభాలు ఒరిగిపోయాయి. ప్రధాన ఆలయపు చూరు కింద ఏనుగుపై లంఘించిన గజకేసరి శిల్పాన్ని తలెత్తి చూస్తూ ఉంటే, ఇది కూడా రామప్పను చెక్కిన కాలపు పనితనమే కదా అనిపించింది. రామప్ప దగ్గర కనిపించిన జనంలో పదోవంతు కూడా ఇక్కడ లేరు.

మా ఊరి శివాలయంలోని పాత రాతి స్తంభాలకు నా చిన్నప్పుడు పసుపుపచ్చ ఎనామిల్ రంగు పూశారు. పండుగకు గుడి మెరవాలన్నదే పెద్దల ఉద్దేశం. స్తంభం మీది శాసనం అక్షరాలు ఆ రంగులో పూడిపోయాయని పెద్దయ్యాకే నాకు తెలిసింది. కనీసం ఇక్కడ ఎవరూ రంగు పూయలేదు. ఒరిగిన స్తంభం మీద చెయ్యి పెడితే ఉలి దెబ్బలు వేళ్లకు గరుకుగా తగిలాయి.

ప్రాకారం పక్కన మేకలు కాస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "కోటగుళ్లు చూడొచ్చిండ్రా బిడ్డా?" అని పలకరించింది. పనివాళ్లు ఎప్పుడైనా వస్తారా అని అడిగాను. అప్పుడప్పుడు వస్తారని, గడ్డి కోసి పోతారని చెప్పింది. ఆమె మాట్లాడుతుండగానే ఒక మేకపిల్ల కూలిన గుడి అధిష్ఠానం (రాతి అరుగు) మీదికి దూకి, చెక్కిన తామరరేకుల మీద నిలబడింది. ఆమె కర్ర ఎత్తి గట్టిగా అదిలించింది.

"దిగే! గుడది."

మేకపిల్ల దిగింది. ఆమె వెళ్లి, అది నిలబడిన రాయిని కొంగుతో తుడిచి, మళ్లీ మంద వెనుక నడిచింది.