పది సెకన్ల మౌనం

మా ఇంట్లో వినయానికి ఒకటే అర్థం: పెద్దవాళ్లు మాట్లాడుతుంటే చిన్నవాళ్లు నోరు మెదపకూడదు. తాతగారి ఎదుట నాన్నగారు కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. దింపు రోజున కొబ్బరికాయల లెక్కలో తాతగారు వంద ఎక్కువ చెప్పినా, ఆ వందను ఎక్కడ సర్దాలా అని నాన్నగారు మథనపడేవారు. ‘లెక్క తప్పింది నాన్నా’ అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. అలాంటి ఇంట్లో, మలికిపురంలో పెరిగి, గల్ఫ్‌లో ఒక విమానయాన సంస్థలో కో-పైలట్‌గా చేరాను.

మొదటి సంవత్సరంలోనే ఆ పెంపకానికి పరీక్ష ఎదురైంది. నా పక్కన కూర్చున్న కెప్టెన్ జోర్డాన్ మనిషి. అరవైకి దగ్గరపడిన వయసు, 18,000 గంటలు గాలిలో గడిపిన అనుభవం. నా గంటలు ఇంకా వందల్లోనే ఉన్నాయి. బయలుదేరే ముందు ఆయన నాతో ఒక మాట అన్నారు: ‘ఈ రోజు నేను ఒకటో రెండో తప్పులు చేస్తాను. అవి ఏమిటో నాకు తెలియదు. కనిపెట్టి చెప్పడం నీ పని.’ మర్యాదకు అంటున్నారనుకుని తల ఊపాను.

తిరుగు ప్రయాణంలో దిగుతున్నాం. విమానం ఆయన చేతిలో ఉంది, రేడియో నా చేతిలో ఉంది. నేల మీది నుంచి దారి చెప్పే కంట్రోలర్ 7,000 అడుగుల వరకు దిగమన్నాడు. నేను అదే తిరిగి చదివి వినిపించాను. కెప్టెన్ మాత్రం దిగి ఆగాల్సిన ఎత్తు 6,000 అని పెట్టారు. ఆ అంకె నా కళ్లముందే వెలుగుతోంది. అయినా నా మనసు నన్నే అనుమానించింది. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి పొరబడతారా, నేనే సరిగా వినలేదేమో అనుకున్నాను. నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దిగుతున్నాం. పది సెకన్లు ఊరుకున్నాను. అంటే 250 అడుగులు.

ఆయనే నా వైపు తిరిగారు. ‘నీకేదో అనుమానం ఉంది. చెప్పు.’

చెప్పాను. ఆయన వాదించలేదు, నా మాటను గుడ్డిగా నమ్మనూ లేదు. కంట్రోలర్‌ను మళ్లీ అడగమన్నారు. ఏడు వేలే. అంకె మార్చి నాకు కృతజ్ఞతలు చెప్పారు. అప్పటికి మేమింకా ఏడు వేలకు పైనే ఉన్నాం కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. కానీ విమానం ఆగాక, ప్రయాణికులంతా దిగిపోయాక, ఆయన నన్ను కూర్చోబెట్టి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: ‘నువ్వు మాట్లాడని ఆ పది సెకన్లు ఈ విమానాన్ని నేను ఒక్కడినే నడిపాను. ఇది ఒక్కడు నడిపే విమానం కాదు.’ ఆ సాయంత్రమే భద్రతా విభాగానికి తన పొరపాటును తన చేతితోనే రాసి పంపారు. అందులో నా మౌనం ప్రస్తావన లేదు. దాన్ని నేను విడిగా రాసుకున్నాను.

ఆ తర్వాత పెద్ద పెద్ద పైలట్లతో ఎగిరాను. వాళ్లలో గొప్పవాళ్లందరికీ ఆ ఒక్క గుణం ఉంది. శిక్షణలో మాకు కెప్టెన్ ఆల్ హేన్స్ గురించి చెబుతారు. 1989 జూలై 19న అమెరికా ఆకాశంలో ఆయన విమానానికి దాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. అదే విమానంలో ప్రయాణికుడిగా ఉన్న ఒక శిక్షణ పైలట్ సాయం చేస్తానంటే ఆయన వెంటనే లోపలికి పిలిచి, ఇంజిన్ల మీటలు అతని చేతికి ఇచ్చారు. సూ సిటీలో దిగుతూ కూలిపోయిన ఆ విమానంలోని 296 మందిలో 184 మంది బతికారు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరి అనుభవం కలిపితే 103 ఏళ్లని, అలాంటి విమానాన్ని నడపడంలో మాత్రం ఎవరికీ ఒక్క నిమిషం అనుభవం కూడా లేదని హేన్స్ తర్వాత చెబుతూ ఉండేవారు.

దీనికి మరో వైపు మంగళూరు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం అక్కడి రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. దిగవద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ హెచ్చరించినా కెప్టెన్ ఆగలేదని విచారణలో తేలింది. ఆ విమానం నిండా గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్న మనుషులే. ఆ నివేదిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా వెనక కూర్చునేవాళ్లూ వాళ్లే. రాజోలు నుంచీ సఖినేటిపల్లి నుంచీ ఇంటి పనులకు కువైట్ వెళ్లే ఆడవాళ్లను ఎందరినో చూశాను. ఒకసారి తలుపు దగ్గర నిలబడి ‘మెట్లు జాగ్రత్త అమ్మా’ అన్నాను. ఒకావిడ ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. ‘మన వైపు పిల్లాడివేనా బాబూ? ముందే తెలిస్తే దారంతా భయపడకుండా నిద్రపోయేదాన్ని’ అంది. ఆమెను అంత దూరం తెచ్చింది నేనొక్కడినే కాదని ఆమెకు తెలియదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చాను. సెలవు అయిపోగానే కెప్టెన్ శిక్షణ మొదలవుతుంది. నరసాపురంలో పని ఉండి రేవు దాటించే పంటు ఎక్కాను. వశిష్ఠ గోదావరి పాటు మీద ఉంది, రేవులో నీళ్లు బాగా తగ్గాయి. చుక్కాని దగ్గర ఉన్న సరంగు నా చిన్నప్పటి నుంచీ ఆ రేవు దాటిస్తున్న మనిషే. ఎన్ని వేలసార్లు దాటించాడో ఆయనకే లెక్క లేదు. ముందు కొసన పదహారేళ్ల కుర్రవాడు గెడ దింపి లోతు చూస్తున్నాడు.

‘ఎంతుందిరా?’ సరంగు అడిగాడు.

‘ఇక్కడ మేట వేసింది బాబాయ్. బారెడు కూడా లేదు.’

‘నిన్న ఉందే?’

‘నిన్న ఉంది. ఇవాళ లేదు.’

సరంగు ఇంకేమీ అనలేదు. చుక్కాని తిప్పాడు. పంటు మెల్లగా లోతున్న వైపు మళ్లింది.