ఒంటి అంచు రేజరు

చెంప మీద కరకరమని చప్పుడు. చేయి ఠక్కున ఆగింది. అద్దంలో చూస్తే ఎక్కడా గాటు లేదు. అది గడ్డం తెగుతున్న చప్పుడు! మూడు బ్లేడ్ల రేజరుతో ఇన్నేళ్లు గీసుకున్నా ఇది ఎప్పుడూ నా చెవిన పడలేదు.

ఈ పాతకాలపు సేఫ్టీ రేజరు తల పలకలా చదునుగా ఉంటుంది. ఆ చదును భాగాన్ని చెంపకు ఆనిస్తే చాలు, బ్లేడు ఎంత వాలుగా ఉండాలో దానంతటదే కుదురుతుంది. నొక్కకూడదు. దాని బరువే పని చేస్తుంది. బ్లేడుకు ఒకవైపే పదును, రెండోవైపు వీపులా మందమైన లోహపు పట్టీ.

కాంప్ఫే సోదరులు 1880లో న్యూయార్క్‌లో ఒంటి అంచు సేఫ్టీ రేజరు తెచ్చారు. రెండంచుల పలుచని బ్లేడుకు జిలెట్ పేటెంటు వచ్చింది 1904లో. మన కిరాణా కొట్లలో దొరికేది ఆ రెండో రకమే.

చెంపలు సులువు. దవడ కిందే అసలు పరీక్ష. అక్కడ ఎడమవైపు వెంట్రుకలు కిందికి కాక చెవివైపు మొలుస్తున్నాయని ఈ రోజు వేలితో తడిమి చూస్తేనే తెలిసింది. రోజూ చూసుకునే ముఖమే, అయినా ఎంత తక్కువ తెలుసో! ఆ దిశలోనే చిన్న చిన్న గీతలుగా లాగాను. తర్వాత చన్నీళ్లు, పటిక. మంట లేదు. నిజంగా సంతోషం వేసింది.

పై పెదవి దగ్గర, ముక్కు కింద మాత్రం ఈ వెడల్పాటి తల పట్టడం లేదు. అలవాటున్నవాళ్లు ఎలా చేస్తారో చెప్పండి.