మెషీన్ ఖాళీ అయిందని ఫోనుకే కబురొస్తే

సెల్ఫ్ సర్వీస్ లాండ్రీలో విసుగు పుట్టించేది ఉతుకుడు కాదు, మెషీన్ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియక కూర్చోవడం. అందుకు కొత్త మెషీన్లు కొనక్కర్లేదు. ఉన్నవాటిలో ఒక్కోదానికి ఒక కరెంట్ సెన్సర్ (వైరులో ఎంత కరెంటు పారుతోందో కొలిచేది), ఆ రీడింగ్ చూసి వైఫై ద్వారా మెసేజ్ పంపే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, షాపులో వైఫై ఉంటే చాలు.

సెన్సర్ క్లిప్పు ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూనే బిగించాలి. న్యూట్రల్‌ని కూడా కలిపి పట్టిస్తే రెండింటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని రీడింగ్ సున్నాకి పడిపోతుంది. (మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.) వైబ్రేషన్ సెన్సర్ చవకే గానీ, పక్క మెషీన్ స్పిన్ తిరిగితే ఇదీ ఊగుతుంది. నమ్మలేం.

అసలు చిక్కు లెక్కలో ఉంది. బట్టలు నానేటప్పుడు, నీళ్లు నిండేటప్పుడు మోటారు ఆగుతుంది. కరెంటు తగ్గగానే మెసేజ్ పంపితే, పరుగెత్తుకొచ్చినవాళ్లు తిట్టుకుంటారు. ప్రతి ప్రోగ్రామ్‌నీ ఒకసారి పూర్తిగా నడిపి, మధ్యలో వచ్చే అతి పెద్ద విరామం కొలవండి. దానికి 2 నిమిషాలు కలిపి, అంతసేపూ మోటారు కరెంటు లాగకపోతేనే పూర్తయినట్టు.

మెసేజ్ వెళ్లాక 10 నిమిషాల్లో ఎవరూ రాకపోతే బట్టలు నంబరు వేసిన బుట్టలోకి తీయాలి. ఈ నియమం మెషీన్ మీదే రాసి ఉండాలి, లేకపోతే గొడవే.